ఫోన్ ఎవరిది? ముందు అది తేల్చుకోండి

‘మన దగ్గర నలభై దాకా ఫోన్లూ, కంప్యూటర్లూ ఉన్నాయి. అన్నీ ఒకేచోట నుంచి చూసుకునే సాఫ్ట్‌వేర్ ఏదో ఉందంట కదా. ఏది కొనమంటావు బాబూ?’ 2025 జూన్‌లో అవనిగడ్డలో ఒక రొయ్యల మేత వ్యాపారి నన్నడిగిన ప్రశ్న ఇది. మా బాబాయికి స్నేహితుడాయన. ఇంజినీరింగ్ చదివాడు, టెక్నాలజీ మీద బ్లాగు రాస్తాడు కాబట్టి నాకు తెలిసే ఉంటుందని ఆయన నమ్మకం. నేనూ అలాగే అనుకున్నాను. అక్కడికక్కడే మూడు పేర్లు చెప్పేశాను. ఆ తొందరకు నష్టపోయింది నేనూ కాదు, ఆయనా కాదు. అదెవరో కాస్త ఆగి చెబుతాను.

ఆయన అడిగిన సాఫ్ట్‌వేర్‌ని ఎండీఎం అంటారు, మొబైల్ డివైస్ మేనేజ్‌మెంట్. ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌లు కూడా కలిస్తే యూఈఎం, యూనిఫైడ్ ఎండ్‌పాయింట్ మేనేజ్‌మెంట్. పేరు ఏదైనా పని ఒకటే. ఏ పరికరంలో ఏ యాప్ ఉండాలి, స్క్రీన్ లాక్ ఎంత గట్టిగా ఉండాలి, అప్‌డేట్లు పడ్డాయా లేదా అనేవి ఒక తెర మీద చూసుకోవడం. పోయిన ఫోన్‌ని దూరం నుంచే లాక్ చేయడం, అవసరమైతే మొత్తం చెరిపేయడం. క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో కోడింగ్ గురించి తప్ప వేరే మాట వినపడదు కానీ, డెస్క్‌టాప్ సపోర్ట్, ఐటీ అడ్మిన్, ఎండ్‌పాయింట్ ఇంజినీర్ అనే ఉద్యోగ ప్రకటనలు తెరిచి చూడండి. ఈ పని తెలిసుండాలని చాలావాటిలో అడుగుతున్నారు.

ఇంతకీ ఆ వ్యాపారికి ఇది ఎందుకు అవసరమైందంటే, ఆయన దగ్గర పనిచేసిన ఒక టెక్నీషియన్ మానేసి పోటీ డీలర్ దగ్గర చేరాడు. పోతూ పోతూ ఫోన్‌లో ఉన్న రైతుల జాబితా కూడా పట్టుకుపోయాడు. ఎవరికి ఎన్నెకరాల చెరువు, ఎవరు ఎంత బాకీ, కొందరి ఆధార్ ఫొటోలు కూడా అందులో ఉన్నాయి. దివిసీమలో మేత వ్యాపారం చాలావరకు అరువు మీదే నడుస్తుంది. ఆ జాబితా బయటికి పోవడమంటే లాకర్ తాళం పోయినట్టే. చట్టం లెక్కలో చూసినా చిన్న విషయం కాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. సమాచారాన్ని కాపాడే ఏర్పాట్లలో విఫలమైతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చని ఆ చట్టం చెబుతోంది. అంత జరిమానా మేత డీలరుకు పడుతుందని కాదు. ‘మాది చిన్న వ్యాపారం, మాకెందుకివన్నీ’ అనే మాట ఇక చెల్లదని మాత్రం అర్థం.

నలభై ఒక్క పరికరాలు

పేర్లు చెప్పేముందు నేను చేయాల్సిన పని లెక్క రాసుకోవడం. తర్వాత రాసుకుంటే ఇలా తేలింది. మచిలీపట్నం ఆఫీసులో విండోస్ కంప్యూటర్లు పన్నెండు, వాటిలో నాలుగింట్లో ట్యాలీ. చెరువుల మీద తిరిగే టెక్నీషియన్ల దగ్గర ఆండ్రాయిడ్ ఫోన్లు ఇరవై మూడు. గుడివాడ గోడౌన్‌లో మేత బస్తాల స్టాకు స్కాన్ చేసే ఆండ్రాయిడ్ హ్యాండ్‌హెల్డ్‌లు రెండు. యజమానికో ఐఫోన్, ఆయన అబ్బాయికి ఇంకో ఐఫోన్, ఒక మ్యాక్‌బుక్. చెరువుల సెన్సర్ల నుంచి వచ్చే అంకెలు దాచే ఉబుంటు కంప్యూటర్ ఒకటి. మొత్తం నలభై ఒకటి, ఐదు రకాల ఓఎస్‌లు. పెద్ద నగరంలో ఐటీ కంపెనీల్లోనే ఇలా ఉంటుందనుకుంటాం గానీ, మన డెల్టాలో ఏ మాత్రం పెరిగిన వ్యాపారం చూసినా ఇంతే. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగల యూనిట్ అయినా, పెడన కలంకారీ ఎగుమతిదారు అయినా లెక్కల గది విండోస్, బయట తిరిగేవాళ్లు ఆండ్రాయిడ్, యజమాని చేతిలో యాపిల్.

ఈ పట్టికలో ఒక నిలువు గడి నేను మొదట వేయనేలేదు. అది ‘ఎవరిది?’ అన్న గడి. ఇరవై మూడు ఫోన్లలో పద్నాలుగే కంపెనీ కొనిచ్చినవి. తొమ్మిది టెక్నీషియన్ల సొంతం.

ఆ గడి లేకపోవడం వల్ల ఏమైందంటే, ట్రయల్ తీసుకుని అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లనూ ‘ఫుల్లీ మేనేజ్డ్’ పద్ధతిలో ఎక్కించడం మొదలుపెట్టాను. ఈ పద్ధతిలో ఫోన్ మొత్తం అడ్మిన్ చేతికి వస్తుంది. అందుకు ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. తర్వాత స్వాగతం పలికే తెర మీద ఒకేచోట ఆరుసార్లు తడితే క్యూఆర్ కోడ్ రీడర్ తెరుచుకుంటుంది, స్కాన్ చేస్తే మిగతాది అదే చూసుకుంటుంది. నాగాయలంక వైపు చూసే టెక్నీషియన్ ఫోన్ తీసుకుని ‘బ్యాకప్ ఉందా అండీ?’ అన్నాను. ‘ఉందనే అనుకుంటానండి’ అన్నారు. రీసెట్ కొట్టాను. అరగంటలో ఫోన్ తయారు. కంపెనీ యాప్ వచ్చింది, పాలసీలు వచ్చాయి, డాష్‌బోర్డులో పచ్చ టిక్కు కూడా వచ్చింది. వాళ్ల పాప మొదటి పుట్టినరోజు ఫొటోలు మాత్రం రాలేదు. ఆయన అరవలేదు. ‘ఫోన్ కంపెనీ కొనిచ్చింది కాదు కదండీ’ అన్నారు, అంతే. మిగతా ఎనిమిది మందీ ఆ సాయంత్రమే ఫోన్లు ఇవ్వమని చెప్పేశారు. వాళ్లని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

సొంత ఫోన్‌కు దారి వేరే ఉంది. ఆండ్రాయిడ్‌లో దాన్ని వర్క్ ప్రొఫైల్ అంటారు, 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుంచీ ఉంది. ఒకే ఇంట్లో అద్దెకిచ్చిన గది లాంటిదనుకోండి. కంపెనీ యాప్‌లు, కంపెనీ కాంటాక్టులు ఆ గదిలో ఉంటాయి, వాటికి చిన్న బ్రీఫ్‌కేసు గుర్తు కనిపిస్తుంది. అడ్మిన్ ఆ గది తాళం మాత్రమే తీయగలడు. గ్యాలరీ, వాట్సాప్ సొంత చాట్‌లు ఆయనకు కనపడవు. మనిషి ఉద్యోగం మానేస్తే గది ఖాళీ చేయిస్తారు, ఇల్లు అలాగే ఉంటుంది. రీసెట్ అక్కర్లేదు. యాపిల్‌లో ఇలాంటిదాన్ని యూజర్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు, ఐఓఎస్ 13తో వచ్చింది. ర్యామ్ మరీ తక్కువున్న కొన్ని చౌక ఫోన్లలో వర్క్ ప్రొఫైల్ రాదు, అది ముందే చూసుకోవాలి. తొమ్మిదింట్లో రెండు అలాంటివే తేలాయి. ఆ ఇద్దరికీ కంపెనీ ఫోన్లు కొనాల్సి వచ్చింది.

ఇంకో మాట. కంపెనీ ఫోన్ అయితే అడ్మిన్ లొకేషన్ చూడగలడు, ఆ సంగతి వాడేవాళ్లకు ముందే చెప్పాలి. ఏది కనపడుతుందో ఏది కనపడదో ఒక కాగితం మీద తెలుగులో రాసి గోడకి అంటించమన్నాను. నేను చేసిన పనులన్నిట్లో ఎక్కువ ఉపయోగపడింది ఆ కాగితమే.

ఐదు లక్షల ట్యాబ్‌లు నేర్పే పాఠం

నలభై ఒక్క పరికరాల గొడవే ఇంత ఉంటే, లక్షల్లో ఎలా ఉంటుందో మన రాష్ట్రమే చూసింది. 2022 డిసెంబర్ 21న కృష్ణకు ఆ ఒడ్డున, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో 8వ తరగతి విద్యార్థులు 4,59,564 మందికి, ఉపాధ్యాయులు 59,176 మందికి, కలిపి 5,18,740 శామ్‌సంగ్ ట్యాబ్‌లు. పిల్లలు అక్కర్లేనివి చూడకుండా వాటిలో సాఫ్ట్‌వేర్ పెట్టామని ప్రభుత్వం చెప్పింది. తర్వాత కొన్నిచోట్ల పిల్లలు లాక్ తీయించుకుని ఆటలకీ, సినిమాలకీ వాడుతున్నారని పత్రికల్లో వార్తలొచ్చాయి. పథకం మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు. ఉద్యోగం వెతుక్కునే ఇంజినీరుగా మీరు అడగాల్సింది ఇది. లాక్ పెట్టిన పరికరాన్ని రీసెట్ చేస్తే ఏమవుతుంది?

జవాబు ఆ లాక్ ఎక్కడ పాతుకుని ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. మామూలు యాప్‌లా పైన వేసింది అయితే రీసెట్‌తో పోతుంది. అలా కాకుండా పరికరం సీరియల్ నంబరునో, ఐఎంఈఐనో తయారీదారు సర్వర్లో ముందే ‘ఇది ఫలానా సంస్థది’ అని నమోదు చేస్తే, రీసెట్ తర్వాత నెట్‌కు కలవగానే అది మళ్లీ సంస్థ చేతికే వస్తుంది. గూగుల్‌లో దీన్ని జీరో టచ్ అంటారు, శామ్‌సంగ్‌లో నాక్స్ మొబైల్ ఎన్‌రోల్‌మెంట్, యాపిల్‌లో యాపిల్ బిజినెస్ మేనేజర్, విండోస్‌లో ఆటోపైలట్. పేర్లు నాలుగు, సూత్రం ఒకటే.

ఇందులో మెలిక ఏంటంటే ఈ నమోదు సాధారణంగా కొనేటప్పుడే, అందుకు అనుమతి ఉన్న అమ్మకందారు ద్వారా జరగాలి. బందరు కోనేరు సెంటర్లో సెల్ షాపుకెళ్లి ఆఫర్లో పద్నాలుగు ఫోన్లు కొనుక్కొచ్చిన వ్యాపారికి ఆ అవకాశం ఉండదు. తర్వాత చేర్చే దారులు కొన్ని లేకపోలేదు. యాపిల్ పరికరాలను కాన్ఫిగరేటర్ అనే యాప్‌తో చేర్చొచ్చు. అయితే మొదటి 30 రోజుల్లో వాడేవాళ్లు దాన్ని తీసేసుకోగలరు. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఎంపిక నిజానికి ఫోన్లు కొనే రోజే మొదలవుతుంది. ఇంటర్వ్యూలో ఈ ఒక్క మాట చెప్పగలిగితే మీరు బ్రోచర్ చదివి రాలేదని ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది.

‘అన్ని ఓఎస్‌లకూ సపోర్ట్’ అంటే ఏంటి?

ప్రతి కంపెనీ బ్రోచర్లోనూ ఐదు ఓఎస్‌ల గుర్తులు వరసగా ఉంటాయి. గుర్తు ఉన్నంత మాత్రాన పని సమానంగా జరగదు. మైక్రోసాఫ్ట్ ఇంట్యూన్ విండోస్ దగ్గర చాలా లోతుగా పనిచేస్తుంది, ఆండ్రాయిడ్, యాపిల్ కూడా బాగానే చూస్తుంది. లినక్స్‌కు వచ్చేసరికి ఉబుంటు, రెడ్‌హ్యాట్ లాంటి కొన్నింటికే పరిమితం, అక్కడ కూడా చేసేది ఎక్కువగా నిబంధనల ప్రకారం ఉందా లేదా అని చూడడమే. జామ్ఫ్ పుట్టిందే యాపిల్ కోసం, మ్యాక్‌లు ఎక్కువున్న చోట దానికి తిరుగులేదు. రెండు ఐఫోన్లు, ఒక మ్యాక్‌బుక్ కోసం మాత్రం దాన్ని కొనడం ఈగను కొట్టడానికి రోకలి ఎత్తడమే. మన దేశంలో పుట్టినవీ తక్కువేం లేవు. జోహో వాళ్ల మేనేజ్‌ఇంజిన్, బెంగళూరు 42గేర్స్ వాళ్ల ష్యూర్ఎండీఎం, పుణె నుంచి స్కేల్‌ఫ్యూజన్. జోహో అంటే చెన్నై అనుకుంటాం గానీ మన రేణిగుంటలోనూ వాళ్లకు ఆఫీసు ఉంది, ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోండి.

అందుకని ‘సపోర్ట్ ఉందా’ అని కాకుండా ‘ఈ ఓఎస్‌లో ఈ పని చేస్తుందా’ అని అడగాలి. విండోస్‌లో ట్యాలీ నడుస్తుండగా అప్‌డేట్‌ని రాత్రికి వాయిదా వేయగలదా? హ్యాండ్‌హెల్డ్‌ని స్కానింగ్ యాప్ ఒక్కటే కనిపించేలా కియోస్క్ మోడ్‌లో బిగించగలదా? ఫోన్ రెండ్రోజులు సిగ్నల్ లేకుండా ఉంటే ఏమవుతుంది? చివరిది దివిసీమలో ఊరికే అడిగే ప్రశ్న కాదు. సముద్రం వైపు వెళ్లేకొద్దీ సిగ్నల్ సన్నగిల్లుతుంది. మీరు ‘చెరిపేయ్’ అని నొక్కినా ఆ ఆదేశం ఫోన్ మళ్లీ నెట్‌కు కలిసేదాకా సర్వర్ దగ్గరే కూర్చుంటుంది. అందుకే ఎండీఎం ఒక్కదాన్నే నమ్ముకోకూడదు, ఫోన్‌లో ఎన్‌క్రిప్షన్, గట్టి స్క్రీన్ లాక్ ముందే ఉండాలి. అసలు రైతుల జాబితా మొత్తం ప్రతి ఫోన్‌లో ఎందుకుండాలి? ఎవరి ఊళ్ల జాబితా వాళ్లకే కనిపించేలా యాప్‌ని మార్పించాం. తెరని ఇంకో ఫోన్‌తో ఫొటో తీసుకునేవాణ్ని ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు మరి.

పన్నెండు విండోస్ కంప్యూటర్లలో ఇంకో తలనొప్పి బయటపడింది. మూడు పాతవి, విండోస్ 11కు వెళ్లే ప్రాసెసర్ గానీ టీపీఎం 2.0 గానీ లేవు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఐదింట్లో హోమ్ ఎడిషన్ ఉంది, దాంట్లో గ్రూప్ పాలసీ ఉండదు, బిట్‌లాకర్‌ని పూర్తిగా నడపలేం, ప్రోకి మార్చాల్సిందే. ఏ ఎండీఎం కొన్నా పాత కంప్యూటర్ వయసు తగ్గదు. కానీ ఆ ఖర్చు ఎవరూ కొటేషన్‌లో రాయరు.

తాళం ఎవరి చేతిలో ఉంది?

2024 ఆగస్టులో సింగపూర్‌లో జరిగింది ప్రతి ఎండీఎం అడ్మిన్ తెలుసుకోవాలి. అక్కడి బడుల్లో పిల్లల ఐప్యాడ్‌లు, క్రోమ్‌బుక్‌లను మొబైల్ గార్డియన్ అనే సాఫ్ట్‌వేర్‌తో చూసుకునేవారు. ఆ సంస్థ వ్యవస్థలోకే ఎవరో అక్రమంగా చొరబడ్డారు. 26 సెకండరీ స్కూళ్లలో దాదాపు 13,000 మంది విద్యార్థుల పరికరాలు దూరం నుంచే తుడిచిపెట్టుకుపోయాయి. నోట్సు పోయిన పిల్లలు ఎంతోమంది. చివరికి విద్యాశాఖ ఆ యాప్‌నే అన్ని పరికరాల నుంచీ తీసేసింది. కాపలా పెట్టుకున్న మనిషి దగ్గరే అన్ని తాళాలూ ఉంటాయి. ఆ గుత్తి ఎవరైనా కొట్టేస్తే ఇక చెప్పేదేముంది.

అంతకు రెండు వారాల ముందే, జులై 19న, క్రౌడ్‌స్ట్రైక్ గొడవ. అది ఎండీఎం కాదు, భద్రతా సాఫ్ట్‌వేర్. ఒక తప్పు అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో మీరూ చూసే ఉంటారు. మ్యాక్‌లకీ, లినక్స్‌కీ ఆ రోజు ఏమీ కాలేదు. ఆగిన వాటిలో చాలావాటిని ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లో తెరిచి ఒక ఫైలు తీసేయాల్సి వచ్చింది. డిస్కు బిట్‌లాకర్‌తో లాక్ అయి ఉంటే ముందు 48 అంకెల రికవరీ కీ కావాలి. ఆ కీలు ఒకచోట భద్రంగా దాచుకున్నవాళ్లు త్వరగా తేరుకున్నారు.

ఈ రెండూ చదివాక మా వ్యాపారి దగ్గర ఏం చేశామంటే, అడ్మిన్ ఖాతాలు రెండే ఉంచాం, రెండింటికీ రెండంచెల ధ్రువీకరణ. పరికరాన్ని పూర్తిగా చెరిపే అధికారం యజమాని ఖాతాకే. నా ఖాతాకు కూడా లేదు. బిట్‌లాకర్ కీల నకలు ముద్రించి లాకర్లో పెట్టాం. ట్యాలీ బ్యాకప్ రోజూ బయటి డిస్కులోకి వెళ్తుంది, ఆ డిస్కు రాత్రి ఊడదీస్తారు. పాత పద్ధతే, పనిచేస్తుంది.

ఇక ఏది కొన్నారంటారా? ఆయనకు మైక్రోసాఫ్ట్ 365 ముందే ఉండుంటే ఇంట్యూన్ కలిసొచ్చే బిజినెస్ ప్రీమియం ప్లాన్‌కు మారమనేవాణ్ని. 300 మందిలోపు సంస్థలకు అది సరిపోతుంది. కానీ ఆఫీసంతా జీమెయిల్, టెక్నీషియన్లకు అసలు కంపెనీ ఈమెయిలే లేదు. పైగా ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కాక రొయ్యల ధరలు బెదరడంతో ఆయన ప్రతి రూపాయికీ లెక్క అడగడం మొదలుపెట్టారు. విండోస్, మ్యాక్, ఉబుంటు, ఫోన్లు ఒకే తెర మీద కనిపిస్తాయని మేనేజ్‌ఇంజిన్ వాళ్ల ఎండ్‌పాయింట్ సెంట్రల్ తీసుకున్నాం. మీరు వెళ్లిన చోట లెక్క వేరేగా ఉంటే జవాబూ వేరేగా ఉంటుంది. అక్కడ నా ఎంపికను అప్పజెప్పకండి.

హాస్టల్ గదిలోనే ల్యాబ్

దీన్ని నేర్చుకోడానికి కోర్సు ఫీజు కట్టాల్సిన పనిలేదు. మేనేజ్‌ఇంజిన్ ఎండీఎం 25 పరికరాల వరకు ఉచితం, మిగతా చాలావాటికి ట్రయల్ ఉంటుంది. మీ గదిలో ఒక పాత ఆండ్రాయిడ్, ఒక విండోస్ ల్యాప్‌టాప్, దాంట్లోనే వర్చువల్ మెషీన్‌గా ఒక ఉబుంటు, ఎవరి దగ్గరైనా ఐఫోన్ ఉంటే అదీ. ఫ్రెండ్ ఫోన్ అయితే వర్క్ ప్రొఫైలే, రీసెట్ వద్దు, నా కథ చదివారుగా. పాలసీ పెట్టండి, విరగ్గొట్టి చూడండి, రీసెట్ చేస్తే ఏం మిగులుతుందో చూడండి, నెట్ ఆపి వైప్ ఆదేశం పంపి చూడండి. ఏం గమనించారో రెండు పేజీలు రాసుకోండి. మైక్రోసాఫ్ట్ ఎండీ-102 సర్టిఫికేషన్ సిలబస్ వాళ్ల సైట్‌లో ఉచితంగానే చదువుకోవచ్చు. పరీక్ష ఫీజు మాత్రం ఉద్యోగం వచ్చాక కట్టుకున్నా నష్టం లేదని నా అభిప్రాయం. ఫ్రెషర్ రెజ్యూమేలో సర్టిఫికెట్ కంటే ఆ రెండు పేజీలే ఎక్కువ మాట్లాడిస్తాయి. గుడివాడ, బందరు కాలేజీల జూనియర్లు కొందరికి మాక్ ఇంటర్వ్యూలు చేసినప్పుడు ఇదే గమనించాను. ‘ఏ ఎండీఎం మంచిది’ అంటే టక్కున పేరు చెప్పేవాళ్లే ఎక్కువ. ‘మీ దగ్గర ఏమేం ఉన్నాయి, ఎవరివి?’ అని ఎదురు అడిగింది ఒకే ఒక్క అమ్మాయి.

మచిలీపట్నం పోర్టు పనులు జరుగుతున్నాయి. అది నడిచే రోజున గేటు దగ్గర, గోడౌన్లలో, లారీ ఆఫీసుల్లో ఇలాంటి పరికరాలు ఎన్ని చేతుల్లో ఉంటాయో ఊహించుకోవచ్చు. వాటన్నిటికీ హైదరాబాద్ నుంచే మనుషులు రానక్కర్లేదు.

పుట్టినరోజు ఫొటోల సంగతి అడుగుతారేమో. సగం దాకా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో దొరికాయి, మిగతావి దొరకలేదు. ఆయనిప్పుడు కంపెనీ ఫోన్ వాడుతున్నారు, సొంత ఫోన్ నా చేతికివ్వరు. ఐఫోన్లను నడిపే యాపిల్ పుష్ సర్టిఫికెట్‌కు ఏడాదే గడువు. అది దాటితే ఐఫోన్లను మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవాలి. అందుకే దాన్ని నా యాపిల్ ఐడీతో కాకుండా కంపెనీ పేరు మీద తీసుకున్న ఐడీతో చేయించాను. రెన్యువల్ తేదీ ఆఫీసు గోడ మీద క్యాలెండర్లో ఎర్ర సిరాతో రాసి ఉంది, కోడూరు రైతు ఒకాయన బాకీ తేదీ పక్కనే.